సంచీకో ఫోటో

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, జీతం తీసుకునేటప్పుడు సంతకానికి తప్ప అది దేనికీ పనికొచ్చేది కాదు. అందరికీ ఆమె గోడౌనక్క. వ్యాను డ్రైవరుకు గోడౌనక్క, బేకరీ యజమానికి గోడౌనక్క, ఆఖరికి కట్టుకున్న మొగుడు కూడా తన ఫోనులో ఆమె నంబరును ఆ పేరుతోనే పెట్టుకున్నాడు.

ఊరి చివర రైలు పట్టాల పక్కన, ఒకప్పుడు దూది నిలవచేసిన రేకుల షెడ్డు ఉంది. అదే ఇప్పుడు ఆహార బ్యాంకు. బోర్డు చూసి అప్పు కావాలని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. చుట్టుపక్కల మిల్లుల నుంచి బియ్యం, పప్పు వస్తాయి. దుకాణాల నుంచి గడువు దగ్గరపడ్డ పాలపొడి, బిస్కెట్లు వస్తాయి. ఆకారం బాగాలేదని వ్యాపారి వదిలేసిన బంగాళాదుంపలను రైతులు తెచ్చి దింపి పోతారు. అన్నిటినీ ఏరి, తూచి, సంచుల్లో కట్టి ఆ ప్రాంతంలోని పేటలకూ, చిన్న ఊళ్ళకూ, ఆస్పత్రి వంటింటికీ, వృద్ధాశ్రమాలకూ పంపుతారు. సరుకు లోపలికి రావడం, బయటికి పోవడం అంతా గోడౌనక్క చేతిమీదుగానే.

అంతకుముందు ఆమె ఒక కాలేజీ హాస్టల్లో వంటింటి పెత్తనం చేసేది. మిగిలిన అన్నాన్ని గంగాళాలకు గంగాళాలు కాలవలో కుమ్మరిస్తుంటే చూడలేక వార్డెనుతో పోట్లాడి, ఆ ఉద్యోగం వదిలేసింది. ఇక్కడైతే ఆ బాధ ఉండదనుకుంది. ఉండలేదు. దాని చోట వేరేవి వచ్చాయి. దానం చేసేవాళ్ళు కొందరు తమ ఇంట్లో ఏది అడ్డంగా ఉంటే అది పంపేవారు. సగం వాడిన జాం సీసాలు, మూతలేని కారం డబ్బాలు వచ్చేవి. ఒకసారి అట్టపెట్టె నిండా చెప్పులొచ్చాయి, అన్నీ ఎడమకాలివే. "ఇవి ఉడకబెట్టాలా, వేయించాలా?" అని ఆమె డ్రైవరును అడిగింది. అతను నవ్వాడు గానీ ఆమెకు నవ్వు రాలేదు. కోపం ఆమెకు ముక్కు మీదే ఉండేది. చేసే పని మాత్రం ఆ కోపంతోనే నడిచేదేమో అనిపించేది చూసేవాళ్ళకు.

ఆ సంవత్సరం టైర్ల ఫ్యాక్టరీ మూతపడింది.

అంతవరకు పంపిణీ కేంద్రాల దగ్గర క్యూలో నిలబడేవాళ్ళు ఎరిగిన మొహాలే. ఒంటరి ముసలివాళ్ళు, మంచం పట్టిన మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళు, వానాకాలంలో పని దొరకని కూలీలు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇస్త్రీ చొక్కాలు రావడం మొదలైంది. వాళ్ళు వరస చివర నిలబడి, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు ఫోను చూసుకుంటూ ఉండేవారు. తమ వంతు వచ్చేసరికి సంచీ గబుక్కున అందుకుని, వెంట తెచ్చుకున్న మరో సంచీలో దాన్ని దాచేవారు.

గోడౌనక్క అన్నయ్య ఆ ఫ్యాక్టరీలోనే ఫోర్‌మన్. ఆమె బడికి వెళ్తున్న రోజుల్లోనే తండ్రి పోతే, చదువు మానేసి అందులో చేరి ఇల్లు మోసినవాడు. పనిలో చేరిన కొత్తలో రాత్రి ఇంటికొచ్చి, "నేను క్యాంటీన్లో తినొచ్చాను, నువ్వు తిను" అనేవాడు. కొత్తగా చేరినవాళ్ళను క్యాంటీన్లోకి రానిచ్చేవాళ్ళే కాదన్న సంగతి ఆమెకు పెళ్ళయ్యాక ఎవరో చెబితే తెలిసింది. అలాంటి మనిషి కాబట్టి, ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆమె ఎన్నిసార్లు అడిగినా, "నాకేం, బానే ఉన్నా. వేరే చోట మాటలు నడుస్తున్నాయి. నువ్వు ఆ షెడ్డు సంగతి చూసుకో" అనే చెప్పాడు. ఆమె నమ్మింది. నమ్మడం సులువు కాబట్టి నమ్మానని తర్వాత తనను తానే తిట్టుకుంది.

ఇక ఫోటోల సంగతి. ఆహార బ్యాంకుకు నెలకొక లారీ నూనె డబ్బాలు, పాలపొడి పంపే పెద్ద కంపెనీ ఒకటి ఉండేది. లారీ వచ్చినప్పుడల్లా కంపెనీ మనుషులు ఏదో ఒక పంపిణీ కేంద్రానికి వచ్చి, వెనక బ్యానరు కట్టి, ఒక్కొక్కరినీ పిలిచి సంచీ చేతికిస్తూ ఫోటో దిగేవారు. సంచీ పట్టుకున్నవాళ్ళు కెమెరా వైపు చూడాలి. వీలైతే నవ్వాలి. "ఇంకొంచెం పైకెత్తి పట్టుకోమ్మా, కంపెనీ పేరు పడటం లేదు" అనేవాడు ఫోటోలు తీసే అతను. గోడౌనక్క పళ్ళు కొరుక్కునేది గానీ, నోరు మాత్రం కట్టేసుకునేది. ఆహార బ్యాంకు డైరెక్టరు ముందే చెప్పి ఉంచాడు, ఆ రోజు ఒక్కరోజు ఓర్చుకోమ్మా అని.

ఆ నెల వాళ్ళు ఊరికి అవతలి కొసన ఉన్న ఒక క్లబ్బు హాలును ఎంచుకున్నారు. సంచులు దింపించడానికి గోడౌనక్క వ్యానులో తనే వెళ్ళింది. ఎండ మండిపోతోంది. వరస హాలు లోపలి నుంచి రోడ్డు దాకా సాగింది. ఫోటోలు మొదలయ్యాక, వరస మధ్యలో గొడుగు వేసుకున్న ఒకామె ముందున్నవాళ్ళను అడిగి సంగతి తెలుసుకుంది. గొడుగును మొహం మీదికి దించుకుని వరసలోంచి పక్కకు తప్పుకుని నడవసాగింది. నల్ల గొడుగు, దానికి ఒక పక్క నీలం గుడ్డ అతుకు. ఆ అతుకు కుట్టు ఎంత సన్నగా, ఎంత తీరుగా ఉందంటే, కుట్టుపని బాగా వచ్చిన చెయ్యి తప్ప ఇంకొకటి అలా వెయ్యలేదు.

గోడౌనక్క గుర్తుపట్టింది. అది వదిన గొడుగు.

మోస్తున్న సంచీ కింద పడేసి ఆమె వెనకాల పరుగెత్తింది. వదిన మలుపు తిరిగి, అప్పుడే కదులుతున్న బస్సెక్కేసింది. అన్నయ్య ఇంటి నుంచి ఆ హాలుకు రావాలంటే రెండు బస్సులు మారాలి. పక్క పేటలోనే ఇంకో కేంద్రం ఉంది, నడిచి వెళ్ళేంత దూరం. ఎరిగినవాళ్ళ కంట పడకుండా ఉండటానికి ఇంత దూరం వచ్చి, ఎరిగినదాని కంట్లోనే పడి, చేతులూపుకుంటూ పోయింది.

ఆ సాయంత్రం గోడౌనక్క షెడ్డు మూసేముందు ఒక సంచీ కట్టి, మామూలుగా పెట్టేవాటికి తోడు తన ఇంటికని కొన్న నూనె డబ్బా కూడా అందులో పెట్టి, అన్నయ్య ఇంటికి వెళ్ళింది.

మేడ మీద రెండు గదుల వాటా. కిటికీ పక్కన వదిన కుట్టు మిషను ఉండాల్సిన చోట నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు మాత్రం ఉన్నాయి. అన్నయ్య కుర్చీలో కూర్చుని పాత పేపరు చదువుతున్నాడు. వదిన వంటింట్లో గిన్నెలు కడుగుతోంది, బయటికి రాలేదు. గోడౌనక్క సంచీని బల్ల మీద పెట్టింది.

"ఎవరికిది?" అన్నాడు అన్నయ్య.

"మీకే."

"మాకెందుకు? ఇంట్లో అన్నీ ఉన్నాయి. మీ వదిన కుట్టుపని డబ్బులతో సరుకులు తెస్తూనే ఉంది."

దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలా అని వెతుక్కున్న మెత్తని మాటలన్నీ ఆమెకు ఆ ఒక్క మాటతో గాలికి పోయాయి. మిషను లేని చోటు కళ్ళ ముందే ఉంది. "ఏ మిషను మీద కుడుతోందన్నయ్యా? వదిన రెండు బస్సులు మారి ఊరవతల మా క్యూలో నిలబడుతుంటే, నువ్విక్కడ కూర్చుని పేపరు చదువుకుంటున్నావా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

అప్పుడర్థమైంది ఆమెకు, అన్నయ్యకు ఆ సంగతి తెలియదని. మిషను అమ్మేసి, బాగుచెయ్యడానికి ఇచ్చానని, ఈలోగా ఎవరి దుకాణంలోనో కూర్చుని కుడుతున్నానని వదిన చెప్పి ఉంచింది. అన్నయ్య పేపరు మడిచి పెట్టాడు. తర్వాత లేచి, సంచీని రెండు చేతులతో, అందులో గుడ్లున్నట్టు జాగ్రత్తగా ఎత్తి, గుమ్మం అవతల మెట్ల మీద పెట్టాడు.

"తీసుకెళ్ళమ్మా. నేను పెంచిన పిల్ల చేత్తో సంచీ అందుకునే దాకా రాలేదు ఇంకా."

అరిచినా బాగుండేది. ఆమె వెనక్కి తిరిగేసరికి వదిన వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఇలా చేశావేమిటన్నట్టు ఊరికే చూసింది. గోడౌనక్క సంచీ ఎత్తుకుని మెట్లు దిగి, దాన్ని విప్పకుండానే తిరిగి షెడ్డులో పెట్టేసింది.

ఆ తర్వాత వదిన ఆ హాలుకు రాలేదు. ఇంకే కేంద్రానికీ రాలేదు. గోడౌనక్క అన్నిచోట్లా ఫోను చేసి, అతుకు గొడుగామె వచ్చిందా అని అడిగింది. ఎక్కడా లేదు. అన్నం పెడదామని వెళ్ళి ఆ ఇంట్లో ఉన్న నాలుగు మెతుకులూ మాన్పించి వచ్చానే అని ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంట్లో మొగుడు ఏదో సరదాకి, "ఊరందరికీ సరుకులు పంచే మనిషివి, మనింట్లో నూనె లేదు తెలుసా?" అంటే, అతని మీద విరుచుకుపడింది. పాపం అతను ఆ పూట నూనె లేని కూర తిని నోరు మూసుకున్నాడు.

తన మీది కోపాన్ని ఎక్కడో ఒకచోట దించాలి గదా. డైరెక్టరు దగ్గరికి వెళ్ళి, ఇకమీదట ఫోటోలు వద్దంది.

డైరెక్టరు చెడ్డవాడు కాదు. అదే పెద్ద చిక్కు. చెడ్డవాడైతే పోట్లాడి గెలవచ్చు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ అన్నాడు: "నాకు మాత్రం సరదానా అమ్మా? ఆ లారీ రాకపోతే సంచీలో నూనె ఉండదు, పాలపొడి ఉండదు. పసిపిల్లల తల్లులు వచ్చి అడిగితే, మీ పరువు కాపాడాం, పాలు మాత్రం లేవు అని చెప్తావా?"

ఆ మాట నిజం కావడంతో ఆమెకు ఇంకా మండింది. కనీసం మొహాలు పడకుండా, చేతులు మాత్రం తీయమని కంపెనీ వాళ్ళను అడగండి అంది. ఆయన అడిగాడు కూడా. మొహం లేకపోతే ఎవరి చెయ్యో ఎలా తెలుస్తుంది, అసలు అది మేమిచ్చిన సంచీయేనని ఎవరు నమ్ముతారు అని కంపెనీ ఆవిడ తిరిగి అడిగిందట.

మరుసటి నెల మళ్ళీ అదే హాలు. కంపెనీ వాళ్ళు బ్యానరు కట్టుకుంటూ ఉండగానే, గోడౌనక్క డ్రైవరుకు చెప్పి సగం సంచులు హాలు వెనక వరండాలో దింపించింది. వరస పొడుగునా నడుచుకుంటూ, ఒక్కొక్కరి పక్కనా ఆగి మెల్లగా చెప్పింది: "ముందువైపు ఫోటో తీస్తారు. అక్కర్లేనివాళ్ళు వెనక తలుపు దగ్గరికి రండి. సంచీ రెండు చోట్లా ఒకటే."

నలుగురైదుగురు వస్తారనుకుంది. మొదట ఒక ఇస్త్రీ చొక్కా కదిలింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత ఎత్తుకున్న పిల్లతో ఒక తల్లి. చూస్తుండగానే వరసంతా తెగిన దండలా అటు జారిపోయింది. హాల్లో బ్యానరు, దాని ముందు కంపెనీ మనుషులు, కెమెరా, నీళ్ళతో తల నున్నగా దువ్వుకుని ఉన్న ఒకే ఒక్క ముసలాయన మిగిలారు. ఆయనకు ఫోటోలంటే ఇష్టం. కంపెనీ మనుషులు వంతులవారీగా ఆయనకే సంచీ ఇస్తూ దిగారు. ఆయన ప్రతిసారీ కొత్తగా నవ్వి, చివర్లో తనకూ ఒక కాపీ పంపమని ఇంటి గుర్తులు చెప్పాడు.

వెనక వరండాలో సంచులు అందిస్తున్నంతసేపూ గోడౌనక్కకు ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. చాలా రోజుల తర్వాత డ్రైవరుతో పరాచికాలు కూడా ఆడింది. ఆ తేలిక ఆ నెలాఖరు దాకానే.

లారీ రాలేదు. ఈ ఏడు మా సాయం వేరే పనుల వైపు మళ్ళించుకున్నాం, ఇన్నాళ్ళూ కలిసి నడిచినందుకు సంతోషం అని కంపెనీ నుంచి మర్యాదగా కబురొచ్చింది. డైరెక్టరు ఆమెను ఒక్క మాట అనలేదు. నూనె డబ్బాలు పేర్చే చెక్క పలకలు ఖాళీగా ఉంటే వాటి వంక చూసి, "సరే, చూద్దాం" అన్నాడంతే. ఆమెకు ఆ మర్యాదా నచ్చలేదు, ఈ మర్యాదా నచ్చలేదు.

సంచీలోంచి ముందు నూనె పోయింది. పాలపొడి పొట్లం సగానికి సగం చిక్కిపోయింది. క్యూలో జనం సంచీని చేత్తో పైకెత్తి బరువు చూసుకుని, ఏమీ అనకుండా వెళ్ళేవారు. అన్నది ఒక్కతే, ఇళ్ళకు వెళ్ళి బట్టలుతికే మనిషి. వెనక తలుపు దగ్గరికి వచ్చినవాళ్ళలో ఆమె కూడా ఉంది. "ఫోటో తీసుకుంటే తీసుకునేవాళ్ళు గదక్కా. మొహమేమన్నా అరిగిపోద్దా? పిల్లలకి పాలు వచ్చేవి" అంది. గోడౌనక్క వ్యాను వంకరగా పెట్టావని డ్రైవరు మీద కేకలేసింది. వ్యాను తిన్నగానే ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్ళ పాటు ఆమె చేసింది అడుక్కోవడమే. డైరెక్టరు పాత కారులో ఇద్దరూ కలిసి మిల్లులు, బేకరీలు, టోకు దుకాణాలు తిరిగారు. కొన్నిచోట్ల గంటల తరబడి బయట బల్ల మీద కూర్చోబెట్టారు. ఒకచోట కూల్‌డ్రింకులు ఇస్తాం, అవి తప్ప ఏమీ లేవన్నారు. మరోచోట యజమాని అంతా విని, ఊరికే తిండి పెడితే జనం సోమరులైపోతారని ఇద్దరికీ చాలాసేపు బోధించి, చివరికి బిస్కెట్ పెట్టెలు రెండు ఇచ్చాడు. ఉపన్యాసం విన్నందుకు తలా ఒక పెట్టె ఇచ్చాడు లేమ్మా అన్నాడు కారులో డైరెక్టరు. ఆ మనిషి హాస్యమాడటం ఆమె వినడం అదే మొదలు. పప్పు మిల్లు అతను మాత్రం ఒప్పుకున్నాడు. రైతుల సంఘం వాళ్ళు బంగాళాదుంపలు, ఉల్లిపాయలు పంపారు. ఒక పాల కేంద్రం పసిపిల్లలున్న ఇళ్ళ వరకూ పాలు ఇస్తానంది. నూనె మాత్రం మునుపటిలా ఎప్పుడూ రాలేదు.

బంగాళాదుంపల గుట్ట ముందు ఆమె తల పట్టుకుని కూర్చున్న ఒక పొద్దున, గొడుగు మడిచి చంకలో పెట్టుకుని వదిన షెడ్డులోకి వచ్చింది. గోడౌనక్క గబుక్కున లేచి నిలబడింది. వదిన ఆమె వంక చూడలేదు, గుట్ట వంక చూసింది.

"ఇవన్నీ ఎవరు ఏరతారు?"

"నేనూ, ఇంకో ఇద్దరు ముగ్గురూ వదినా. కుళ్ళినవి తీసెయ్యాలి."

"నేనూ ఏరతాను. రోజూ వస్తాను. వారానికోసారి అందరికీ ఇచ్చినట్టే నా సంచీ నాకివ్వు. ఎక్కువ పెట్టావంటే మళ్ళీ రాను."

"వదినా, ఆ రోజు నేను..."

"ఆ రోజు సంగతి ఎత్తకు అమ్మాయ్. ఎత్తితే నాకు కోపమొస్తుంది. పని చేసుకోనీ."

వదిన పనితనం కుట్టులోనే కాదు, ఏరడంలోనూ అంతే. ఆమె కూర్చున్న వైపు గుట్ట తొందరగా తరిగేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని దుంపల గురించీ, ఎండల గురించీ తప్ప ఇంకేమీ మాట్లాడుకోకుండా చాలా రోజులు గడిపారు. ఆఖరికి ఉండబట్టలేక గోడౌనక్క, అన్నయ్యకు ఏమని చెప్పావు వదినా అని అడిగింది. వదిన చేతిలో ఉన్న దుంప అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమీ చెప్పలేదు. వండిపెడుతున్నా, తింటున్నాడు. ఎక్కణ్ణించని అడగలేదు. అడగలేదంటే తెలిసే ఉంటుంది" అంది.

అన్నయ్య చెల్లెలికి ఫోను చెయ్యలేదు. ఆమె చేస్తే ఎత్తలేదు. ఎన్నాళ్ళిలా అని ఒకసారి ఏడుపొచ్చేది, ఏం తప్పు చేశానని ఒకసారి ఒళ్ళు మండేది. ఈ రెంటి మధ్య ఆమె పప్పు సంచులు దింపించుకుంటూ, లారీ వాళ్ళతో గొడవపడుతూ, ఇంటికెళ్ళి మొగుడి మీద చిరాకుపడుతూ రోజులు నెట్టుకొచ్చింది.

ఒక సాయంత్రం జల్లు పడుతోంది. షట్టరు దించబోతూ చూస్తే, రోడ్డుకు అవతల మూసి ఉన్న సైకిలు షాపు చూరు కింద అన్నయ్య నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. చొక్కా మాత్రం ఇస్త్రీ చేసి ఉంది. వదిన కోసం వచ్చాడన్నమాట. లోపలికి రాలేదు. గోడౌనక్క తడుస్తూనే రోడ్డు దాటి ఆయన ముందు నిలబడింది. అడగాల్సినవి, తిట్టాల్సినవి, కాళ్ళ మీద పడి చెప్పాల్సినవి అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ముందు మాట్లాడింది ఆయనే, పట్టాల వైపు చూస్తూ.

"పప్పులో రాళ్ళు వస్తున్నాయి."

"ఏంటన్నయ్యా?"

"పప్పులో. నిన్న నమిలితే పన్ను కదిలింది. ఎవడు పంపుతున్నాడో ఆ మిల్లువాణ్ణి అడుగు. ఊరికే వచ్చింది గదా అని చూడకుండా పంచేస్తారా జనానికి?"

ఇంతలో వదిన గొడుగు విప్పుకుంటూ వచ్చింది. అన్నయ్య ఆమె చేతిలోంచి సంచీ తీసుకుని చంకలో ఇరికించుకుని, గొడుగు కిందికి తల దూర్చి నడిచిపోయాడు. వెళ్ళొస్తానని చెల్లెలితో అనలేదు.

గోడౌనక్క లోపలికొచ్చి, పప్పు సంచీ ఒకటి విప్పి, మోచెయ్యి దాకా చెయ్యి పోనిచ్చి గుప్పెడు తీసి దీపం కింద పరిచింది. నిజమే. పప్పు రంగులోనే చిన్న చిన్న రాళ్ళు. వెంటనే మిల్లు యజమానికి ఫోను చేసి నిలదీసింది. అతను, ఇష్టమైతే తీసుకోండి, లేకపోతే మానెయ్యండి, అడిగింది మీరే గదా అన్నాడు. ఆమె గోడ వారన పేర్చి ఉన్న సంచుల వంక చూసింది. మానేస్తే వచ్చే వారం సంచీల్లో పెట్టడానికి వేరే పప్పు లేదు. "తీసుకుంటాం, కాస్త జల్లించి పంపండి" అంది, కోపాన్ని మింగలేక మింగుతూ. అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది.

పొద్దున్నే ఆమె డైరెక్టరు బల్ల ముందు నిలబడి, ఇకమీదట పప్పంతా ఇక్కడే జల్లించాకే సంచీల్లోకి వెళ్ళాలి, పెద్ద జల్లెళ్ళు కావాలి అంది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, జల్లెళ్ళు ఎవరిస్తారో అడిగి చూద్దాం పద అంటూ కారు తాళాలు వెతుక్కున్నాడు.